నడిమి గడి

మగ్గాల షెడ్డు,
వానలు పట్టిన వారం

చెల్లికి,

నువ్వు ఫోన్ చేశావని మీ వదిన చెప్పింది. చిన్నప్పటి నుంచీ మగ్గాల రొదలో నానిన చెవులివి. ఫోనులో నువ్వేం మాట్లాడినా నాకు జోరీగ తిరిగినట్టే ఉంటుంది. ఆ చిన్న తెర మీద అక్షరాలు గుచ్చడం నా వల్ల కాదు. అందుకే ఎప్పటిలాగే నూలు లారీ డ్రైవరు చేతికి ఉత్తరం ఇస్తున్నాను.

నువ్వు బిగించి ఇచ్చిన కంప్యూటరు తిక్కతిక్కగా ఉంది. పని మధ్యలో దానంతట అదే ఆరిపోయి మళ్ళీ వెలుగుతోంది. అదైనా ఓర్చుకోవచ్చు. డిజైన్లలో మచ్చలు పడుతున్నాయి. గళ్ళన్నీ రంగుతో నింపి, సరిచూసి, కంప్యూటర్లో దాచి మూస్తే, మర్నాడు తెరిచేసరికి ఎక్కడో ఒక గడి రంగు మారి ఉంటోంది. తెర మీద ఆవగింజంత. మగ్గం ఎక్కాక మాత్రం లేవకూడని పోగు లేస్తుంది, నిండు దుప్పటి మీద నల్లి పాకినట్టు కనబడుతుంది. నమూనాకి ఒక పీలిక కత్తిరించి పెట్టాను. తువ్వాళ్ళ డిజైన్లకి ఈ గొడవ లేదు. పెద్ద పన్నా దుప్పట్లకే.

పోయినేడు దుప్పట్ల ఆర్డరు వచ్చినప్పుడు పెద్ద డిజైన్లు తెరుచుకోవడం లేదని, పాత సామాన్ల కొట్లో ఒక ర్యామ్ ముక్క కొని నువ్వు పెట్టినదాని పక్కన దోపాను. నీది నాలుగు జీబీ, ఇది ఎనిమిది. మగ్గాల మెకానిక్ అది చూసి, "ఎద్దునీ దూడనీ ఒక కాడికి కడితే దున్నుతాయా?" అన్నాడు. పెద్దది పీకి పారెయ్యమంటాడు. ఆపరేటరు అమ్మాయి ఏది పీకినా తనకి సంబంధం లేదంటుంది.

ఏది తియ్యమంటావో రాయి. ఇక్కడ అందరం క్షేమం.

అన్నయ్య


రిపేరు కొట్టు,
శనివారం

అన్నయ్యకు,

పీలిక అందింది. కౌంటరు మీద పరిచి భూతద్దంతో చూస్తుంటే మా యజమాని వచ్చి, "ఇప్పుడు బట్టలు కూడా రిపేరు చేస్తున్నామా?" అన్నాడు. ఇక్కడ వాన వస్తే నీళ్ళు మా కొట్టు మెట్టు దాకా వస్తాయి. జనం తడిసిన లాప్‌టాప్‌లు చంకలో పెట్టుకొచ్చి, చచ్చినవాటిని బతికించమంటారు.

మీ మెకానిక్‌కి చెప్పు, ఇవి ఎడ్లు కావు. చిన్నదీ పెద్దదీ పక్కపక్కన పెట్టినా పని చేస్తాయి. రెండిట్లో ఏది నెమ్మదైతే దాని నడకే రెండోదీ నడుస్తుంది, అంతే. ముక్క కింది గంటు గాడిలో కుదరాలి. కుదిరింది కాబట్టే నీ చేత్తో ఎక్కింది. సైజుల తేడాకి గళ్ళు రంగు మారవు. రెండిట్లో ఒకటి జబ్బుది. ఏదో ఊహించుకుని పీకకు. పరీక్ష పెట్టు.

పార్సిల్లో ఆ పరీక్ష ఎక్కించిన ఒక పెన్‌డ్రైవూ ఒక నాలుగు జీబీ ముక్కా పంపుతున్నాను. ముందు కరెంటు తీగ పీకు. ముక్కని ముట్టుకునే ముందు కంప్యూటరు డబ్బా ఇనుము ఒకసారి ముట్టుకో. రెండు చివర్లా ఉన్న గొళ్ళేలు తీస్తే ముక్క పైకి వస్తుంది. దాని బంగారు పళ్ళని పెన్సిలు రబ్బరుతో తుడువు, ఒక్కోసారి మురికే రోగం. ఒక్కదాన్నే పెట్టి, పెన్‌డ్రైవు గుచ్చి, వెలిగించు. చాలాసేపు పడుతుంది. నీకు ఓపిక లేదని నాకు తెలుసు, అయినా మధ్యలో ఆపకు. ఎర్ర గీతలు వస్తే అది చెడ్డది. తర్వాత దాన్ని తీసి రెండోది పెట్టు. చెడ్డదాని చోట నేను పంపింది దోపు.

ఇంతకీ ఈ ఆపరేటరు అమ్మాయి ఎవరు? గళ్ళు నింపేది బాబాయి కదా. నాన్న పోయాక మనిద్దరికీ అన్నం పెట్టి, నాకు గ్రాఫు కాగితం మీద గడి నింపడం నేర్పి, అరవై దాటాక నా పక్కన కూర్చుని కంప్యూటరు నేర్చుకున్న మనిషి. ఆయన కుర్చీలో ఇంకొకరు ఎందుకు కూర్చున్నారు? నీ ఉత్తరం కింద బాబాయి పువ్వు కూడా లేదు. నేను అక్కణ్ణుంచి వచ్చేసినప్పటి నుంచి ఆ గళ్ళ పువ్వు లేకుండా నీ ఉత్తరం ఒక్కటీ రాలేదు. చోటు లేకపోతే వెనక్కి తిప్పి మరీ గీసేవాడు. పెన్సిలు అరిగిపోయిందా అని ఆయన పిచ్చుక అడుగుతోందని చెప్పు.

చెల్లి


మగ్గాల షెడ్డు,
ఎడతెగని వాన

చెల్లికి,

నువ్వు చెప్పినట్టే చేశాను. రబ్బరు బాబాయి పెన్సిళ్ళ డబ్బాలో దొరికింది. నేను కొన్న పెద్ద ముక్క కడిగిన ముత్యం. చిన్నది పెట్టేసరికి తెర నిండా ఎర్రపడుగు పరిచినట్టు గీతలే గీతలు. మెకానిక్ కాసేపు చూసి, "పాతకాపు దొంగా, కొత్తకాపు దొరా?" అని వెళ్ళిపోయాడు. నీ ముక్క దాని చోట దోపాను. ఇప్పుడు కంప్యూటరు ఆరిపోవడం లేదు.

కానీ ఒక మాట. ముక్క మార్చాక ఆ దుప్పటి డిజైను తెరిచాను. మచ్చ అక్కడే ఉంది. ఆపి మళ్ళీ తెరిచాను. అక్కడే ఉంది. పాత డిజైన్లు ఇంకా కొన్ని తెరిచి చూశాను, వాటిలో మచ్చలూ ఎక్కడివక్కడే ఉన్నాయి. అంటే ముక్క మారినా మచ్చ మారలేదు. కాబట్టి ఆరిపోవడం ముక్క తప్పు, మచ్చలు చేతి తప్పు. దానికీ దీనికీ సంబంధం లేదు. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నానని మీ వదిన అంది.

ఆపరేటరు అమ్మాయి కొత్తది, నేర్చుకుంటుంది. బాబాయికి కళ్ళు శ్రమపడుతున్నాయని కొన్నాళ్ళు విశ్రాంతి ఇచ్చాను. నిన్ను అడిగానని చెప్పమన్నాడు. పువ్వు కింద ఉంది, చూసుకో.

ముక్కకి ఎంతయిందో రాయి.

అన్నయ్య


రిపేరు కొట్టు,
బుధవారం

అన్నయ్యకు,

నీ ఉత్తరంలో సంతోషం కనబడింది. సరుకు పాడై కూర్చున్నవాడికి సంతోషం ఎందుకో రెండుసార్లు చదివినా అర్థం కాలేదు.

మచ్చ సంగతి చెప్తాను, నిదానంగా చదువు. ముక్క పని, నువ్వు గీస్తున్నంతసేపూ డిజైనుని చేతిలో పట్టుకుని ఉండడం. దాచమన్నప్పుడు తన చేతిలో ఏముంటే అదే లోపలికి పంపుతుంది. చెడ్డ ముక్క ఒక గడిని తప్పుగా పట్టుకుంటే ఆ తప్పే లోపలికి పోతుంది. పోయాక అది అక్కడే ఉంటుంది. తర్వాత నువ్వు బంగారం లాంటి ముక్క పెట్టినా, లోపలున్న తప్పునే తెచ్చి చూపిస్తుంది. చిరిగిన చొక్కా ఇనప్పెట్టెలోంచి తీసి కొత్త పెట్టెలో పెడితే చిరుగు పోతుందా? పాత డిజైను తెరిచి చూడడం పరీక్ష కాదు.

ఇలా చెయ్యి. పెద్ద పన్నా డిజైను ఒకటి కొత్తగా గీయించు. ఏ పువ్వైనా సరే, నిండుగా ఉండాలి. దాచి, మూసి, మళ్ళీ తెరువు. తర్వాత చెడ్డ ముక్క తిరిగి దోపి, దాన్నే ఇంకోసారి దాచి తెరువు. అప్పుడు తెలుస్తుంది ఏది చేతి తప్పో.

ఇక పువ్వు. అన్నయ్యా, ఆ పువ్వు బాబాయి గీసింది కాదు. బాబాయి పువ్వుకి నడిమి గడి ఎప్పుడూ ఖాళీగా ఉంటుంది. "అన్నీ నింపేస్తే కంటికి ఊపిరాడదే పిచ్చుకా" అనేవాడు. నేను నింపితే చెవి మెలిపెట్టి చెరిపించేవాడు. నువ్వు పంపినదాంట్లో నడిమి గడి నిండుగా ఉంది, ఒకటికి రెండుసార్లు దిద్ది మరీ నింపారు. ఎవరు గీశారు?

బాబాయి ఎక్కడున్నాడు?

చెల్లి


మగ్గాల షెడ్డు,
ఆదివారం

చెల్లికి,

పువ్వు నేనే గీశాను.

బాబాయి ఇక్కడ లేడు. ఎండాకాలం చివర వెళ్ళిపోయాడు. వెళ్ళిపోయాడని రాశాను కానీ, నేనే పంపాను. వాగు అవతల అద్దకం షెడ్డులో పొయ్యి దగ్గర ఉంటున్నాడు. అక్కడే పడుకుంటాడు. ఆ పనికి కళ్ళతో అవసరం లేదు.

మచ్చలు దుప్పట్లు మొదలుపెట్టినప్పటి నుంచీ వస్తున్నాయి. దుప్పట్లు కొనే ఏజెంటు రెండుసార్లు సరుకు తిప్పి పంపాడు. బాబాయిని అడిగితే, "ఒరేయ్, నేను మూసేటప్పుడు అవి లేవురా" అనేవాడు. ఎప్పుడడిగినా అదే మాట. మూడోసారి ఏజెంటు షెడ్డుకే వచ్చాడు. దుప్పటి బాబాయి ముందు పరిచాడు. బాబాయి మళ్ళీ, "నేను మూసేటప్పుడు లేవు" అన్నాడు. "మరి దయ్యం వచ్చి నింపిందా?" అన్నాను. ఏజెంటు నవ్వాడు. నవ్వేసరికి నాకు పూనకం వచ్చినట్టయింది. నా మాట నాకే సరిగా వినపడదు, గట్టిగానే అరిచి ఉంటాను. గ్లాసు నిండా నీళ్ళు పోసి ఆయన చేతికిచ్చి, చెయ్యి చాపి పట్టుకోమన్నాను. పనివాళ్ళంతా చూస్తున్నారు. పట్టుకున్నాడు. కాసేపటికి నీళ్ళు తొణికాయి. "చూశావా బాబాయ్, చెయ్యి వణుకుతోంది. ఇక చాలు" అన్నాను.

ఆయన గ్లాసు బల్ల మీద పెట్టి, కింద పడిన నీళ్ళు తన తువ్వాలుతో తుడిచాడు. అప్పటికే కొన్నాళ్ళుగా కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని పని చేస్తున్నాడని తర్వాత మీ వదిన చెప్పింది. ఆయనకీ అనుమానం పట్టుకుందన్నమాట. మర్నాడు పొద్దున్న, "నువ్వన్నదే నిజమేమోరా" అని సంచీ తీసుకున్నాడు. పెన్సిళ్ళ డబ్బా వదిలేశాడు.

తర్వాత ఈ అమ్మాయిని పెట్టాను. పాతికేళ్ళది. ఆమె డిజైనులోనూ మచ్చ వచ్చింది. అది చూసిన రోజే కంప్యూటరు గురించి నీకు మొదటి ఉత్తరం రాశాను.

నువ్వు చెప్పిన పరీక్ష అయింది. కొత్త ముక్కతో దాచి తెరిస్తే ఒక్క గడి తప్పలేదు. చెడ్డది దోపి, ఆ డిజైనునే దాచి తెరిస్తే మూడుచోట్ల మచ్చ. ఆ అమ్మాయి చప్పట్లు కొట్టింది, కిటుకు దొరికిందని.

ఒకటి అడుగుతాను, ఆలోచించి చెప్పు. ఆ ముక్క ఎప్పుడు చెడిందో తెలుసుకునే దారి ఉందా? బాబాయి వెళ్ళాక చెడి ఉండొచ్చా? అంతకు ముందరి మచ్చలు ఆయనవీ, ఆ తర్వాతవి దీనివీ అయి ఉండొచ్చా? అలా జరగడానికి వీలుందా?

అన్నయ్య


రిపేరు కొట్టు,
మర్నాడే రాస్తున్నాను

అన్నయ్యకు,

వీల్లేదు.

ముక్క మీద పుట్టినరోజు ఉంటుంది కానీ చెడిన రోజు ఉండదు. అయినా నీ ప్రశ్నకి జవాబు నువ్వే రాశావు. దుప్పట్లు మొదలుపెట్టినప్పుడే మచ్చలు మొదలయ్యాయి. మన నూలు గోదాము గుర్తుందా? చివరి గది కప్పు కారేది. సరుకు తక్కువున్న ఏళ్ళలో ముందు గదులతోనే సరిపోయేది, కారుతున్న సంగతే ఎవరికీ తెలియలేదు. పెద్ద సరుకు వచ్చి చివరి గది దాకా నిండిన ఏడు తడిసింది. ఇదీ అంతే. తువ్వాళ్ళ డిజైను చిన్నది, చెడ్డ చోటు దాకా పోదు. దుప్పటి పోతుంది. ఆ చోటు మొదటి నుంచీ చెడ్డదే అయి ఉంటుంది. నువ్వు పక్కన పెద్ద ముక్క పెట్టబట్టి అంత పెద్ద డిజైన్లు తెరుచుకున్నాయి, తెరుచుకోబట్టి చెడు బయటపడింది.

ఆ చిన్న ముక్క నేను బిగించిందేనని నువ్వు నన్నేమీ అనలేదు. అనకపోయినా నాకు తెలుసు. కొత్త అట్టపెట్టెలోంచి తీసింది కదా అని పరీక్ష పెట్టకుండా దోపాను.

బాబాయి నిజమే చెప్పాడు. ఆయన మూసేటప్పుడు అవి లేవు.

వెళ్ళి చెప్పు. వాగు అవతలికి పోయి చెవిలో గుసగుసలాడి రాకు. ఎవరి ముందు గ్లాసు ఇచ్చావో వాళ్ళ ముందే చెప్పు. నన్ను రమ్మని అడగబోతున్నావు. నేను వస్తే నా వెనక దాక్కుంటావు. అందుకే రాను. నువ్వు చెప్పాక వస్తాను.

చెడ్డ ముక్క నాకు పంపు. దానికి కంపెనీ జీవితకాలం పూచీ ఉంది, తిప్పి పంపితే కొత్తది ఇస్తారు. పారెయ్యకు.

చెల్లి


మగ్గాల షెడ్డు,
వానలు వెనకపట్టాయి

చెల్లికి,

ఆలస్యమైంది. మొదటిసారి వాగు దాకా పోయి తిరిగి వచ్చాను. వాగు నిండుగా ఉందని మీ వదినకి చెప్పాను. అంత నిండుగా ఏమీ లేదు.

తర్వాత వెళ్ళాను. పొయ్యిలో కట్టె తోస్తున్నాడు. చేతులు మోచేతుల దాకా నీలం. నన్ను చూసి, "ఏరా, మగ్గం ఆగిందా?" అన్నాడు. ఒకసారి షెడ్డుకి రమ్మన్నాను. ఎందుకని అడగలేదు. దారిలో టీ తాగాం. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తాగాడు.

మగ్గాలన్నీ ఆపించి, అందరినీ పిలిచాను. ఏజెంటుకీ కబురు చేశాను, రాలేదు. ముక్క చేతిలో పెట్టుకుని నువ్వు రాసినదంతా చెప్పాను. మచ్చలు బాబాయివి కావు, దీనివి అని చెప్పాను. మగ్గాలు ఆగితే నా మాట నాకు కొంచెం వినపడుతుంది. వినడానికి బాగాలేదు.

బాబాయి అంతా విని, "అలాగా" అన్నాడు. బల్ల వైపు చూసి, "మరి నీళ్ళెందుకు తొణికాయిరా?" అన్నాడు.

అదే గ్లాసు తెప్పించి, అంచు దాకా నీళ్ళు పోసి, నేను చెయ్యి చాపి పట్టుకున్నాను. నావీ తొణికాయి, చొక్కా చెయ్యంతా తడిసింది. బాబాయి దగ్గరికొచ్చి చూసి, "నీదీ వణుకుతోందిరా, ఎవరికైనా చూపించుకో" అన్నాడు. మెకానిక్ ఫక్కున నవ్వాడు. అందరూ నవ్వారు. బాబాయి నవ్వలేదు.

కుర్చీ చూపించాను. అమ్మాయి లేచి నిలబడింది. కూర్చున్నాడు. మౌసు మీద కుడిచెయ్యి పెట్టగానే ఎడమచెయ్యి దానంతట అదే వచ్చి మణికట్టు పట్టుకుంది. "అది తియ్యి బాబాయ్, అక్కర్లేదు" అన్నాను. తీశాడు. తెర మీద బాణం అదరడం మొదలుపెట్టింది. ఒక గడి నింపబోతే పక్క గడి నిండింది. చెరిపి మళ్ళీ చేశాడు. మళ్ళీ పక్కదే నిండింది. "నువ్వు చెప్పింది నమ్ముతున్నానురా. ఇది నమ్మడం లేదు" అని చేతిని చూపించి లేచాడు. నేను గ్లాసు ఇవ్వకముందు వణికిందో లేదో నాకు తెలియదు. ఇప్పుడు వణుకుతోంది. అందరం చూశాం.

ఇంట్లో అన్నం తిని పొమ్మంటే తిన్నాడు. ఉండమంటే ఉండలేదు. పొయ్యి ఆరిపోతుందన్నాడు.

ముక్క సంగతి. పంపమన్నావు. వెళ్ళేటప్పుడు, "ఇదేనా అది?" అని నా చేతిలోంచి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అద్దకం షెడ్డులో అందరికీ తీసి చూపిస్తున్నాడట. నూలు దింపడానికి వచ్చిన డ్రైవరుకి కూడా చూపించాడు. "ఇదీ వణికింది" అంటాడట. వాళ్ళకి అదేమిటో తెలియదు, సరే సరే అంటారట. అందుకని దాన్ని అడక్కు. కంపెనీ వాళ్ళ కొత్త ముక్క మనకి వద్దు. నువ్వు పంపింది పెద్దదాని పక్కన బాగానే నడుస్తోంది.

నువ్వు చెప్పమన్నది చెప్పాను. ఎప్పుడొస్తావు?

ఈ ఉత్తరం మొదట ఇంకో కాగితం మీద రాశాను. కింద చోటు వదిలి, బాబాయి దగ్గరికి పట్టుకెళ్ళాను, పెన్సిళ్ళ డబ్బా కూడా తీసుకెళ్ళాను. పిచ్చుకకి పోతోంది, కింద ఏదైనా గీస్తావా అన్నాను. చూశాడు. గీయలేదు. మడిచి, ముక్కతోపాటు జేబులో పెట్టుకున్నాడు. తిరిగి ఇస్తాడేమోనని రెండు ఆదివారాలు పోయి కూర్చున్నాను. ఇవ్వలేదు, నేను అడగలేదు. డ్రైవరు రేపు బయల్దేరుతున్నాడని, అదంతా మళ్ళీ ఈ కాగితం మీద రాసి పంపుతున్నాను.

అన్నయ్య